నలుగురి మాట



"నలుగురూ ఏమనుకుంటారు?" ఈ మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఉండరు. నలుగురూ నవ్విపోతారు, నలుగురిలో తలెత్తుకోలేం, నలుగురి నోళ్ళలో పడతాం అంటూ పెద్దవాళ్ళు భయపెడుతూనే ఉంటారు. ఆ నలుగురు ఎవరో, ఏ వీధిలో ఉంటారో మాత్రం ఎవరూ చూపించరు. అయినా మన ఇంట్లో పెళ్ళికి ఎంత ఖర్చు పెట్టాలో, పిల్లవాణ్ణి ఏ కాలేజీలో వెయ్యాలో, ఆడపిల్ల చదువు ఎప్పుడు మానిపించాలో తేల్చేది వాళ్ళే. చిన్నప్పుడు నాకు వాళ్ళంటే చెప్పలేనంత భయం.

ఇరవయ్యేళ్ళ వయసులో ఆ నలుగురినీ మొదటిసారి కళ్ళారా చూశాను. నెల్లూరు జిల్లా మెట్టలో మా మేనత్తను ఇచ్చిన ఊరు అది. సారాయి అంగడి ముందున్న అరుగు మీద, కొంగులు నడుముకు దోపుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె మా మేనత్తే.

తోటివాళ్ళ ఒత్తిడి అనగానే మనకు గుర్తొచ్చేది చెడు సావాసం. స్నేహితులు కాల్చమన్నారని కుర్రాడు సిగరెట్టు కాల్చడం, పక్కింటివాళ్ళు కొన్నారని అప్పు చేసి కారు కొనడం, వీధిలో అందరూ ఇస్తున్నారని కట్నం ఇవ్వడం. అవన్నీ నిజమే. కానీ అదే ఒత్తిడి మనుషుల్ని నిలబెట్టడం కూడా నేను చూశాను. ఎక్కడ నిలబెడుతుందో, ఎక్కడ మెడకు చుట్టుకుంటుందో కొంత ఆలోచించాను. దాన్ని మీతో పంచుకోవాలని వచ్చాను.

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. ఊరూరా కళాజాతాలు తిరిగాయి. పాటలు పాడారు, నాటికలు వేశారు. వేలమంది వాలంటీర్లు చదువు చెప్పడానికి ముందుకొచ్చారు. డిగ్రీ చదువుతున్న నేనూ అందులో చేరి, సెలవులకు మా మేనత్త ఊరు వెళ్ళి రాత్రిబడి నడిపాను.

అన్నాలు తిని, అంట్లు తోముకుని, ఎనిమిదిన్నరకు వచ్చేవాళ్ళు. లాంతరు చుట్టూ పన్నెండు మంది. అందరూ పగలంతా పొగాకు పనికి పోయి వచ్చినవాళ్ళే. పచ్చాకు జిగురు చేతులకు పట్టి నల్లగా అట్టకట్టేది. ఎంత రుద్దినా పోయేది కాదు. మా అత్త బలపం పట్టుకుంటే అది వేళ్ళకు అతుక్కుని వచ్చేది. "ఇది నన్ను వదలదు, నేను దీన్ని వదలను" అని నవ్వేది. 'అ' రాయడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు వాకిట్లో ముగ్గు మధ్యలో 'అ' వేసింది.

చదివించే పాఠాలన్నీ వాళ్ళ బతుకుల్లోంచి వచ్చినవే. కూలి, జబ్బులు, తాగుడు. ఒక రాత్రి తాగుడు మీద పాఠం చదివించాను, ఒక్కొక్కరి చేత ఒక్కో వాక్యం. పాఠం అయిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. లాంతరు గాజుకు కొట్టుకుంటున్న పురుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ పన్నెండు మందిలో తొమ్మిది మంది ఇళ్ళలో ఆ పాఠం రోజూ జరిగేదే. అయినా ఎవరింటి గుట్టు వాళ్ళది. తన మొగుడే ఇలా అయ్యాడు, ఇది తన తలరాత, బయటపడితే నలుగురిలో పరువు పోతుంది అని ప్రతి మనిషీ లోపల లోపలే కుమిలిపోతోంది. ఎవరిని చూసి భయపడుతున్నారో ఆ నలుగురూ అదే లాంతరు చుట్టూ, అదే భయంతో కూర్చుని ఉన్నారు.

చివరికి మా అత్త పలక కింద పెట్టింది. ఎవరి వైపూ చూడకుండా, "మా ఇంట్లో గూడా ఇదేగదమ్మే" అంది. పక్కనున్నామె కళ్ళు తుడుచుకుంది. ఇంకొకామె ముందురోజు రాత్రి ఇంట్లో జొన్నల మూట సారాయి అంగడికి ఎలా నడిచిపోయిందో చెప్పింది. పది గంటలకు ముగియాల్సిన బడి ఆ రాత్రి ఒంటిగంట దాకా సాగింది. ఒక్క అక్షరం కూడా రాయలేదు.

చాలా ఏళ్ళ తర్వాత సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గురించి చదువుతుంటే నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది. 1950ల తొలినాళ్ళలో అమెరికాలో ఆయన ఒక ప్రయోగం చేశాడు. ఒక గదిలో కొంతమందిని కూర్చోబెట్టి, ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు చూపించాడు. ఈ మూడిట్లో ఏది దానితో సమానమైన పొడవు ఉంది అని ఒక్కొక్కర్నీ అడిగాడు. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అయితే ఆ గదిలో ఒకే ఒక్కడు అసలైన అభ్యర్థి. మిగిలినవాళ్ళంతా ముందే మాట్లాడుకుని వచ్చి, కావాలని ఒకే తప్పు జవాబు చెప్పారు. ఇలా ఎంతోమందిని పరీక్షించి చూస్తే, అలాంటి సందర్భాల్లో దాదాపు మూడింట ఒక వంతు సార్లు, కళ్ళకు కనిపిస్తున్నదాన్ని కాదని పక్కవాళ్ళ తప్పునే తామూ చెప్పారు. ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఒక్కసారైనా అలా లొంగిపోయారు.

ఇంతవరకూ చాలామంది చెబుతారు. నన్ను కదిలించింది దాని తర్వాతి భాగం. ఆ గుంపులో ఇంకొక్కరు, ఒకే ఒక్కరు, నిజం చెప్పేలా ఏర్పాటు చేస్తే ఆ లొంగుబాటు అమాంతం పడిపోయింది. అందరూ ఒకటంటున్నప్పుడు తన కంటిని తాను నమ్ముకోవడానికి మనిషికి పక్కన ఒక్క గొంతు వినిపిస్తే చాలు. ఆ రాత్రి లాంతరు ముందు మా అత్త ఆ ఒక్క గొంతు అయింది. ఆమెకు ఆష్ పేరు తెలియదు, ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఇంకో పాఠం వచ్చింది. దూబగుంట కథ. మా జిల్లాలోనే, కలిగిరి మండలంలో చిన్న ఊరు. అక్కడి ఆడవాళ్ళు ఒక్కటై ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మగారు ఆ తర్వాత దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటికీ తెలిశారు. వాళ్ళు చేసిన పనినే అక్షరాస్యతా పుస్తకంలో పాఠంగా వేశారు. ఎవరు వేయించారో గాని, వాళ్ళకు మనుషుల మనసు బాగా తెలుసు. తాగుడు ఆరోగ్యానికి హానికరం అని ఎన్ని గోడల మీద రాసినా మా ఊళ్ళో ఒక్క మనిషీ కదల్లేదు. తమలాగే కూలికి పోయే ఆడవాళ్ళు, తమలాగే నిన్నగాక మొన్న అక్షరాలు దిద్దినవాళ్ళు, తమ యాసలోనే మాట్లాడేవాళ్ళు చేసి చూపించారంటే మాత్రం కదిలారు. "వాళ్ళకేమన్నా నాలుగు చేతులుండాయా? వాళ్ళకు చేతనైంది మనకు చేతగాదా?" ఇది ఆ పాఠం చదివిన రాత్రి నేను విన్న మాట.

ఆ కాలంలో సారాయి గురించి ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 1980ల్లో ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి ఊళ్ళకు చేర్చే పద్ధతి వచ్చింది. వారుణి వాహిని అని దానికి పేరు. తాగడానికి నీళ్ళు మైలు దూరం నుంచి మోసుకొచ్చుకునే ఊళ్ళకు కూడా సారాయి జీపు గడప దాకా వచ్చేది. సారా వేలం పాటల మీద ప్రభుత్వానికి ఏటా వందల కోట్ల ఆదాయం. ఇంత పెద్ద యంత్రాంగానికి ఎదురుగా మా ఊళ్ళో ఉన్నది ఒక అరుగు.

పోరాటం, ఉద్యమం అని వాళ్ళు అనలేదు. "పోయి కూర్చుందాం పదండి" అన్నారు. మొదటి సాయంత్రం అయిదుగురు. మూడో రోజుకు ఇరవై మంది అయ్యారు. పోతూ పోతూ రానివాళ్ళ ఇంటి ముందు ఆగి, "ఏమ్మే, నువ్వు రావా?" అని కేక వేసేవాళ్ళు. ఆ కేకలో ఒత్తిడి లేదని నేననను. గట్టిగానే ఉంది. మొగుడు కొడతాడని తలుపు చాటున నిలబడిన ఒకామె చెయ్యి పట్టుకుని మా అత్త, "మీ ఆయన అడిగితే నేనే లాక్కుపోయినానని చెప్పు. నాతో వచ్చి మాట్లాడమను" అంది. ఆమె వచ్చింది. రమ్మన్న మనిషి ఆమె భయాన్ని కూడా తన నెత్తిన వేసుకుంది కాబట్టి వచ్చింది.

ఒక సాయంత్రం చూసింది చెబుతాను. పొద్దుగూకాక ఒకాయన కూలి డబ్బుల్లోంచి ఒక నోటు మడిచి పిడికిట్లో పెట్టుకుని రోజూలాగే వచ్చాడు. అరుగు మీద ఆయన భార్య ఉంది. దానికి ఆయన జంకలేదు. ఆమె పక్కన ఆయన తల్లి ఉంది. తల్లి పక్కన, ఆయనకు పిల్లనిచ్చిన అత్తగారి అక్క ఉంది. చివరన చెల్లెలి వరస పిల్ల, చంకలో బిడ్డతో. ఎవరూ తిట్టలేదు. తల్లి మామూలు గొంతుతో, "ఏం నాయనా, ఇట్టొచ్చావు?" అని అడిగింది. ఆయన కాసేపు నిలబడి, "బీడీలకొచ్చినామా" అన్నాడు. పక్క బంకులో బీడీకట్ట కొనుక్కుని వెనక్కి తిరిగాడు. వెనకనుంచి తల్లి, "కూడొండిపెట్టొచ్చినాం. చల్లారకముందే తిను" అంది.

ముప్పై ఏళ్ళు దాటినా ఆ కూటి మాట నాకు చెవుల్లో ఉంది. ముందుకు పోయే దారికి అడ్డం కూర్చున్నవాళ్ళే, తలవంపులు లేకుండా వెనక్కి పోయే దారీ చూపించారు. ఆయన బీడీల కోసమే వచ్చాడని ఆ అరుగు మీద అందరూ నమ్మినట్టే ఉన్నారు.

అన్ని చోట్లా ఇలా జరగలేదు. కొన్ని ఊళ్ళలో తాగినవాళ్ళకు గుండు కొట్టించారు, గాడిద మీద ఊరేగించారు. అప్పట్లో పత్రికల్లో అవి చదివి చాలామంది చప్పట్లు కొట్టారు. ఎన్నో ఏళ్ళు దెబ్బలు తిన్న ఆడవాళ్ళ కోపం అది, దాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. మా ఊళ్ళోనూ ఆ ప్రస్తావన వచ్చింది. మా అత్త ఒప్పుకోలేదు. "వాడికి గుండు గీస్తే రేపు బళ్ళో వాడి బిడ్డల్ని ఏమంటారు?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ మాటతో అది ఆగిపోయింది.

తర్వాతి కథ మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలం పాటలు ఆడవాళ్ళు అడ్డం నిలబడడంతో పదే పదే వాయిదా పడ్డాయి. పత్రికలు తోడయ్యాయి. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. దొంగరవాణా, ఖజానాకు నష్టం, రాజకీయం అని కారణాలు ఎన్నో చెబుతారు. నేను చూసిన కారణం ఇంకోటి ఉంది. నిషేధం చట్టమయ్యాక అరుగు ఖాళీ అయింది. ఇక చూసుకోవడానికి ఎక్సైజు వాళ్ళున్నారని ఆడవాళ్ళు ఇళ్ళకు పోయారు. చట్టం రావాల్సిందే, వాళ్ళు అడిగిందే అది. కానీ ఎక్సైజు జీపు ఎప్పుడో నెలకొకసారి వస్తుంది. తల్లి, పెళ్ళాం, అత్తగారి అక్క రోజూ అరుగు మీద ఉండేవాళ్ళు.

ఆ ఉద్యమంలోంచి పుట్టి నిలిచినది పొదుపు. సారాయికి పోయే డబ్బులోంచి రోజుకొక్క రూపాయి, నెలకు ముప్పై. పొదుపులక్ష్మి పేరుతో నెల్లూరు జిల్లాలో మొదలై చూస్తుండగానే ఊరూరా సంఘాలయ్యాయి. మా అత్త వాళ్ళ సంఘానికి ఆస్తి అంటే ఒక రేకు పెట్టె, ఒక లెక్కల పుస్తకం. పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరి మొలలో, పుస్తకం మూడో ఇంట్లో. ముగ్గురూ వస్తేనే పెట్టె తెరుచుకునేది. ప్రతి నెలా అయిదో తేదీ రాత్రి కూర్చునేవాళ్ళు. రాని మనిషి ఉంటే ఇద్దరు లేచి వాళ్ళింటికి వెళ్ళి చూసొచ్చేవాళ్ళు. ఒకామె వరసగా రెండు నెలలు కట్టలేదు. వెళ్ళి చూస్తే కొడుక్కి కామెర్లు. మూడో నెల ఆమె కట్టాల్సిన తొంభై రూపాయల గురించి ఎవరూ ఎత్తలేదు. పెట్టెలోంచి నాలుగొందలు తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆ అప్పు ఆమె ఏడాదిలో తీర్చింది. ఒక్క నెల కూడా తప్పలేదు.

ఆ పుస్తకం నేను తిరగేశాను. మొదటి పేజీల్లో పేర్ల ఎదురుగా అన్నీ వేలిముద్రలు, అక్కడక్కడా ఒక సంతకం. ఆరు నెలల తర్వాతి పేజీలో రెండే వేలిముద్రలు. ఆ ఇద్దర్నీ ఎవరూ వెక్కిరించినట్టు లేదు. పక్కామె సంతకం చేస్తుంటే సిరా బొటనవేలికి పూసుకోవడం ఎవరికైనా ఎన్నాళ్ళు బాగుంటుంది? ఏడాది తిరిగేసరికి ఆ రెండూ పోయాయి.

1992లోనే నాబార్డు 500 సంఘాలతో మొదలుపెట్టి ఇలాంటి సంఘాలను బ్యాంకులకు కలిపే ప్రయోగం చేసింది. పొలం కాగితాలు లేవు, బంగారం లేదు, తోటివాళ్ళ పూచీయే తాకట్టు. అంతకు ముందే బంగ్లాదేశ్‌లో, 1976లో, చిట్టగాంగ్ దగ్గర జోబ్రా అనే గ్రామంలో మహమ్మద్ యూనస్ పేదలకు చిన్న అప్పులు ఇవ్వడం మొదలుపెట్టారు. అది 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. అక్కడ అయిదుగురు ఒక జట్టు. ఒకరికొకరు అండ. 2006లో ఆయనకూ ఆ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

ఇక్కడితో ఆపితే ఈ కథ ఎంత బాగుంటుందో! కానీ ఆపలేను, ఎందుకంటే ఇంకో అరుగు కూడా నేను చూశాను.

2010లో మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. బస్సు దిగి నడుస్తుంటే ఒక ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని కనిపించారు. పాత రోజులు గుర్తొచ్చి ఒక్క క్షణం సంతోషపడ్డాను. దగ్గరికి వెళ్తే ఆ ఇంటి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపల చంటిబిడ్డ ఏడుస్తోంది, ఎవరో నోరు నొక్కినట్టు ఆ ఏడుపు ఆగి ఆగి వస్తోంది. ఎదురుగా వేపచెట్టు కింద అప్పుల కంపెనీ మనిషి మోటారుసైకిల్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన ఒక్క మాట అనలేదు. అనాల్సిన పని ఆ నలుగురికీ అప్పజెప్పాడు. ఆ నలుగురిలో ఒకామె మా అత్త కూతురు, నాకు వదిన.

ఆమె నన్ను చూసి తల దించుకుంది. రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. "ఆమె ఈ వారం కట్టకపోతే మేం నలుగురం కట్టాలంట. లేకపోతే మాకు అప్పు పుట్టదంట. నాకు మాత్రం ఆ బిడ్డ ఏడుపు వినబళ్ళేదా?" ఆ ఇంట్లో ఆమెకు మూడు కంపెనీల అప్పులున్నాయి. ఒకటి తీర్చడానికి ఇంకొకటి. వారం వారం కిస్తీలు. వారం రోజులకు ఆ ఇంటికి తాళం పడింది. రాత్రికి రాత్రి పిల్లల్ని తీసుకుని బెంగళూరు పోయారని చెప్పుకున్నారు.

ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అప్పుల వసూళ్ళ ఒత్తిడి భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు వరసగా వచ్చాయి. 2010 అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు నమోదు చేసుకోవాలని, బలవంతపు వసూళ్ళు కుదరవని చెప్పింది. అప్పటికే జరగాల్సిన నష్టం చాలా జరిగిపోయింది.

అదే ఊరు, అదే కుటుంబం, అరుగు మీద కూర్చోవడమనే అదే పని. మొదటిది చూసి నాకు గుండె నిండింది. రెండోది చూసి నిద్రపట్టలేదు. తేడా ఏమిటని మా అత్తనే అడిగాను. ఆమె వక్క కొరుకుతూ, "మేం పోయి కూర్చుంది అంగడి మీద. వీళ్ళు పోయి కూర్చుంది మనిషి మీద" అంది. కాసేపాగి, "మమ్మల్ని ఎవురూ పంపలేదు" అని కూడా అంది.

ఆ రెండో మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. రేకు పెట్టెలోని డబ్బు వాళ్ళది. దాని నియమాలు వాళ్ళవి. కట్టలేని మనిషికి గడువు ఇవ్వాలా, కొత్త అప్పు ఇవ్వాలా అన్నది వాళ్ళు మాట్లాడుకుని తేల్చుకోగలరు. కంపెనీ జట్టులో ఆ నలుగురికి దేని మీదా అధికారం లేదు, భయం ఒక్కటే ఉంది. వాళ్ళ చుట్టరికాన్ని, ఇరుగుపొరుగు మొహమాటాన్ని ఎవరో బయటివాళ్ళు అద్దెకు తీసుకుని వాడుకున్నారు. తోటివాళ్ళ ఒత్తిడిని మంచికి వాడదాం అని ఎవరైనా నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది అదే: ఎవరి పని కోసం? పడిపోయిన మనిషిని లేపడానికి మీ దగ్గర ఏముంది?

ఇప్పుడు ఆ అరుగు ఫోన్‌లోకి వచ్చేసింది. అప్పుల యాప్‌లు మన ఫోన్‌లో ఉన్న పేర్లన్నీ లాగేసుకుని, కిస్తీ తప్పగానే మన చుట్టాలకు, స్నేహితులకు, పై అధికారికి సందేశాలు పంపడం మీరు వినే ఉంటారు. 2020 చివర్లో తెలంగాణలో ఆత్మహత్యలు జరిగి, హైదరాబాదులో పోలీసులు అరెస్టులు చేసేదాకా వెళ్ళింది. నలుగురిలో పరువు పోతుందన్న భయాన్ని ఇంత పచ్చిగా అమ్ముకున్న వ్యాపారం నేను ఇంకోటి చూడలేదు. అలాంటి సందేశం మీ ఫోన్‌కు వస్తే, దయచేసి ఆ మనిషికి వెంటనే ఫోన్ చేసి "తిన్నావా?" అని అడగండి. ఆ క్షణంలో వాళ్ళకు ఆ ఒక్క గొంతు మీరే.

మరి నలుగురి మాటతో ఎప్పటినుంచో పాతుకున్న ఆచారాలు మారతాయా? చైనాలో ఆడపిల్లల పాదాలు చిన్నగా ఉండాలని పసితనంలోనే విరిచి కట్టేవాళ్ళు. వందల ఏళ్ళు సాగింది. ఆ నొప్పి ప్రతి తల్లికీ తెలుసు, తనూ పడిందే. అయినా కట్టేది. కట్టకపోతే పిల్లకు పెళ్ళి కాదని. 19వ శతాబ్దం చివర్లో అక్కడ సంఘాలు పెట్టుకున్నారు. చేరినవాళ్ళు రెండు మాటలు ఇవ్వాలి. మా కూతురి పాదాలు కట్టం. కట్టిన పిల్లను మా కొడుక్కి చేసుకోం. ఈ రెండో మాటే తాళం తీసింది. ఏ ఒక్క ఇల్లూ ఒంటరిగా నష్టపోనక్కర్లేకుండా పోయింది. ఒకటి రెండు తరాల్లో ఆ ఆచారం చాలావరకు కనుమరుగైంది.

మనకు పాదాలు కట్టే ఆచారం లేదు. కానీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం పైగా, తెలంగాణలో 23 శాతం పైగా ఉన్నారు. ఆ తల్లులకు చట్టం తెలియదా? తెలుసు. పక్కింటివాళ్ళు చేసేశారు, మనం ఆలస్యం చేస్తే సంబంధాలు రావు, ఈలోపు ఏదైనా మాట వస్తే ఎలా అన్న భయం చట్టం కంటే దగ్గరగా ఉంది. ఆ భయాన్ని తీయగలిగినవాళ్ళు కలెక్టరాఫీసులో లేరు. పొదుపు సంఘాల్లో ఉన్నారు. కూతుళ్ళ తల్లులూ కొడుకుల తల్లులూ ప్రతి నెలా ఒకే చాప మీద కూర్చునే చోటు మనకు ఊరూరా ఉంది. చైనావాళ్ళు కొత్తగా సంఘాలు పెట్టుకోవాల్సి వచ్చింది. మనకు ఆ చాప ఎప్పుడో పరిచి ఉంది.

పోయిన ఏడాది మా అత్త వాళ్ళ సంఘం మీటింగులో కూర్చున్నాను. రేకు పెట్టె ఇప్పుడు లేదు, బ్యాంకు ఖాతా ఉంది. లెక్కలు మా వదిన రాస్తుంది. బెంగళూరు పోయిన ఆమె నాలుగేళ్ళకు తిరిగొచ్చింది. ఆమె ఇంటికి పోయి, గడప బయటే నిలబడి, తప్పయిపోయిందని చెప్పి సంఘంలోకి పిలుచుకొచ్చింది మా వదినే. ఇద్దరూ ఇప్పుడు పక్కపక్కన కూర్చుంటారు. ఎక్కువ మాట్లాడుకోరు.

ఆ రోజు ఒక తల్లి కూతురి పెళ్ళికని అప్పు అడిగింది. పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం. పదహారు నిండి రెండు నెలలు. అందరూ ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం నేను గుర్తుపట్టాను, లాంతరు ముందు విన్న నిశ్శబ్దమే అది. కొడుకున్న ఒకామె నెమ్మదిగా, "చదువుకునే పిల్లను ఇప్పుడే ఎందుకు కడతావు? రెండేళ్ళాగినా మా వాడి లాంటోళ్ళు ఎక్కడికి పోతారు?" అంది. ఆ తల్లి ఒక్కసారిగా బయటపడింది. "కాలేజీ బస్సు దిగేటప్పటికి చీకటి పడతాది. ఆ దోవలో ఎవురన్నా ఏమన్నా అంటే, రేపు నలుగురిలో నా బతుకేంగాను?"

డెబ్భై దాటిన మా అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెవులు సరిగా వినపడవు. ఆ మాట మాత్రం వినపడింది.

"ఆ నలుగురం మేమే గదమ్మే," అంది. తర్వాత మా వదిన వైపు తిరిగి, "రాయి. సోమవారం బస్సుకాడికి ఎవురు పోతారు?"

ఒక చెయ్యి లేచింది. మంగళవారానికి ఇంకొకటి. శనివారం వచ్చేసరికి బెంగళూరు నుంచి వచ్చిన ఆమె, "నాది టార్చిలైటు ఉంది, నేను పోతా" అంది. మా వదిన లెక్కల పుస్తకంలో అప్పుల పేజీ తిప్పేసి, కొత్త పేజీలో గీత కొట్టి, పేర్లు రాయడం మొదలుపెట్టింది.